లెక్కలలో వెనుకబడిన పిల్లలు

పదవ తరగతి ఫలితములు వెలువడినప్పుడెల్ల ఊరూర నొకే ప్రసంగము. ఎవరికెన్ని మార్కులు వచ్చినవి, ఏ పాఠశాల ముందున్నది యను చర్చయే గాని, తప్పిన పిల్లలు ఎందుచేత తప్పిరో విచారించువారు అరుదు. మన రాష్ట్రమున 2022లో పరీక్షకు కూర్చున్నవారిలో నూటికి 67.26 మంది మాత్రమే కృతార్థులైరి. 2025లో ఆ సంఖ్య 81.14కు పెరిగినది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని ఆ యేటను సైతము లక్షమందికి పైగా బాలబాలికలు తప్పిరని మరువరాదు. ఇట్టివారి సంగతి ఉపాధ్యాయుల నడిగినచో మొదట వినవచ్చు పేరు గణితము.

సింహాద్రిపుర ప్రాంతమువారికి ఈ విషయము మరింత ముఖ్యము. ఇచ్చటి పిల్లలకు ఉన్నతవిద్య దూరదేశమున లేదు. పులివెందులలో 2006లో ఇంజనీరింగు కళాశాల వెలసినది. ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటీ వెలసినది. రెండవదానిలో ప్రవేశము పదవ తరగతి మార్కులను బట్టియే లభించును. ఇంటి వాకిట విద్యాలయము లుండగా, లెక్కలు రాని కారణమున మన పిల్లలు వెలుపల నిలువవలసివచ్చుట కంటె విచారకరమైన దేమున్నది?

లోపము పదవ తరగతిలో పుట్టినది కాదు. భాగహారము రానివానికి భిన్నములు రావు. భిన్నములు రానివానికి సమీకరణములు రావు. 2024 సంవత్సరపు అసర్ నివేదిక ననుసరించి, దేశమందలి పల్లెలలో ఎనిమిదవ తరగతి పిల్లలలో మూడంకెల సంఖ్యను ఒక యంకెచే భాగింపగలవారు నూటికి 45.8 మంది మాత్రమే. తక్కినవారికి రెండేండ్లలో త్రికోణమితి బోధింపబూనుట పునాది లేని గోడపై మిద్దె వేయుట వంటిది. పరీక్షలకు ముందు ప్రత్యేక తరగతులు పెట్టి, ముఖ్యప్రశ్నలను వల్లె వేయించి, 35 మార్కులు దాటింపవచ్చును. అది గండము గడచుటయే గాని విద్య కాదు.

మరి చికిత్స యేమి? 2001-03 సంవత్సరములలో ముంబయి, వడోదర నగరముల ప్రాథమిక పాఠశాలలలో వెనుకబడిన పిల్లలను చిన్న గుంపులుగా చేసి, దినమునకు రెండు గంటలు స్థానిక యువతులచే పాఠములు చెప్పించిరి. ఆ యువతులు గొప్ప పండితులు కారు. ఉన్నత పాఠశాల చదువు ముగించినవారు. ఐనను పిల్లలు గణితమున స్పష్టముగా ముందంజ వేసిరి. పిల్లవాడే తరగతిలో నున్నాడని గాక, ఏ మెట్టున నున్నాడని చూచి బోధించుటయే ఇందలి రహస్యము.

దీనికి మారుగా, పిల్లల లోపములను పరీక్షించి ఉపాధ్యాయులకు నివేదికలు పంపినంతమాత్రమున ఏమగునో మన యాంధ్రదేశముననే తెలిసినది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2010లో ప్రకటించిన పరిశీలనలో, అట్టి నివేదికలు మాత్రమే అందిన పాఠశాలలలో పిల్లల మార్కులు పెరుగలేదు. 2020లో పాఠశాలలు మూతపడినప్పుడు ఆఫ్రికాలోని బోట్స్‌వానాలోను ఇట్టిదే యనుభవము. ఫోనుకు లెక్కలు పంపినంతమాత్రమున చెప్పుకోదగిన లాభము కలుగలేదు. ఉపాధ్యాయుడు వారమున కొకమారు ఫోను చేసి, తల్లిదండ్రుల యెదుట బిడ్డకు లెక్క చెప్పినచోట ఫలము కనబడినది. కాగితము చదువు చెప్పదు, మనుష్యుడు చెప్పవలెను.

చట్టము సైతము ఇదే కోరుచున్నది. ఎనిమిదవ తరగతివరకు వర్తించు 2009 నాటి విద్యాహక్కు చట్టము, 24వ సెక్షనులో, ప్రతి బిడ్డ శక్తిని పరీక్షించి అవసరమైనచో అదనపు బోధన చేయుట, తల్లిదండ్రులను తరచు కలిసి పిల్లల ప్రగతిని తెలుపుట ఉపాధ్యాయుని విధులని విధించినది. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెననియు, సగము స్త్రీలుండవలెననియు 21వ సెక్షను శాసించినది. 2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న మన రాష్ట్రమంతట తల్లిదండ్రుల మహాసమావేశములు జరిగినవి. అవి మంచి యారంభములే. కాని యేటి కొకటి రెండు పండుగలతో పంట పండదు. నీరు విడువక పెట్టవలెను.

కావున ఎనిమిదవ తరగతి మొదటి నెలలోనే ప్రతి విద్యార్థికిని చతుర్విధ పరికర్మలలోను, భిన్నములలోను చిన్న పరీక్ష పెట్టవలెను. వెనుకబడినవారిని పదిమంది చొప్పున గుంపులు చేసి, డిగ్రీ చదివి ఊరిలో నున్న యువతీయువకులకు గౌరవవేతన మిచ్చి సాయంకాలము బోధింపజేయవలెను. చీనీతోటలు గల రైతులు తలా కొంత వేసికొన్నచో ఇది మోయరాని భారము కాదు.

తల్లిదండ్రులు తమకు చదువు రాదని వెనుకంజ వేయనక్కరలేదు. కోతల కాలమున బిడ్డను బడి మాన్పింపకుండుట, సాయంకాల మొక గంట పని చెప్పకుండుట, నెల కొకమారు బడికి పోయి “మావాడే మెట్టున నున్నా”డని యడుగుట వారి పనులు. టన్నుకు ఇంత యని సూటు తీసివేసినచో చేతికెంత వచ్చునో బిడ్డచే కట్టించి చూచిన తండ్రి యెవడైనను గణితోపాధ్యాయునకు తోడైనవాడే.

తూకములో కిలో తగ్గిన ఊరకుండని రైతు, తన బిడ్డ చదువులో మూడేండ్ల వెలితి యున్నప్పుడు ఊరకుండుట న్యాయమా? ఫలితముల దినమున దుఃఖించుటకంటె బడి తెరచిన దినమున విచారించుట మేలు.