జీడిపిక్కకు ధర లేదంటున్నాం, మరి పండు మాటేమిటి?

వేసవి వచ్చిందంటే మన దగ్గర ఒకటే ప్రశ్న: 80 కిలోల జీడిపిక్కల బస్తా ఈసారి ఎంత పలుకుతుంది? పలాస ఫ్యాక్టరీలకు ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిక్కలు వస్తున్నాయి. అందుకే ధర మన చేతిలో లేదు. పాతపట్నం, మెళియాపుట్టి వైపు చిన్న రైతులు పిక్క తీసుకుని పండును చెట్టు కిందే వదిలేస్తున్నారు. ఆ పండు బరువు పిక్కకు ఎన్నో రెట్లు. సి విటమిన్ కమలా పండు కన్నా ఎక్కువ.

సైప్రస్, గోవా ఏం చేశాయి?

మధ్యధరా సముద్రంలో సైప్రస్ ద్వీపం ఉంది. అక్కడి కొండవాలులో 14 గ్రామాల రైతులు మావ్రో, క్సినిస్టెరి అనే నాటు ద్రాక్ష రకాలు పండిస్తారు. గుత్తులను ఎండబెట్టి ‘కమాండేరియా’ అనే తీపి వైన్ చేస్తారు. ఆ పేరు ఆ 14 గ్రామాల ద్రాక్షతో చేసినదానికే చెల్లుతుంది. అందుకే దానికి ఊరి పేరే పెట్టుబడి.

గోవాలో జీడిపండు నుంచి తీసే ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. మన అరకు కాఫీకి 2019లో వచ్చింది. అయితే గుర్తింపు ఒక్కటే ధర తేదు. నాణ్యమైన సరుకు, రైతుల సంఘం ముందు ఉండాలి.

మనం ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎక్సైజ్ అనుమతి లేకుండా సారా కాయడం నేరం. ఆ దారి వద్దు. రసం, సిరప్‌తో మొదలుపెట్టండి.

• పండిన, దెబ్బ తగలని పండ్లను ఆ రోజే ఏరి, కడిగి రసం తీయండి. ఆలస్యమైతే పులుస్తుంది.
• వగరు పోవడానికి లీటరు రసానికి 5 గ్రాముల సగ్గుబియ్యం పిండిని కొద్ది నీటిలో ఉడికించి, చల్లార్చి కలపండి.
• సుమారు 12 గంటలు చల్లని చోట ఉంచి, పైన తేరిన రసాన్ని వడకట్టండి.

ఒక్కరే చేస్తే గిట్టదు. పది మంది రైతులు లేదా ఒక డ్వాక్రా సంఘం కలిసి, ముందు కొద్ది మోతాదులో చేసి, సంతలో అమ్మి చూడండి. అమ్మకానికి ఆహార భద్రత రిజిస్ట్రేషన్ తప్పనిసరి. శిక్షణ కోసం ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రాన్ని, మీ రైతు సేవా కేంద్రాన్ని అడగండి. పిక్క ధర పడిన ఏడాది ఈ రసమే కూలి ఖర్చుకు ఆసరా కావచ్చు.