నామ్చే బజార్‌లో మా రూమ్మేట్

నేపాల్‌లో లుక్లా దగ్గర విమానం దిగి, రెండు రోజులు నడిస్తే నామ్చే బజార్. ఎవరెస్ట్ దారిలో ఉన్న సంత ఊరు, 3,440 మీటర్ల ఎత్తు. బండి వెళ్లే రోడ్డే లేదు. బియ్యం బస్తా అయినా గ్యాస్ సిలిండర్ అయినా ఎక్కువగా కంచర గాడిదల మీదో, మనుషుల వీపు మీదో ఎక్కుతుంది.

హైదరాబాద్‌లో నాతో ఇంజినీరింగ్ చదివిన మావాడిది ఆ ఊరే. మూడేళ్ల క్రితం వాళ్ల నాన్న పోయారు. వాట్సాప్‌లో చేతులు జోడించిన ఎమోజీ పెట్టి ఊరుకున్నా. ఆ వారం ఆఫీసులో రిలీజ్. తర్వాత ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదు.

వేలాడే వంతెన దగ్గరకే ఎదురొచ్చాడు. నా బ్యాగు లాక్కుని, "మెల్లగా రా మామా" అన్నాడు, అచ్చం హాస్టల్ తెలుగులో! పైకి చేరేసరికి నా తల పగిలిపోతోంది. వాళ్లమ్మ వేడివేడి వెల్లుల్లి సూప్ ఇచ్చింది. ఎత్తు పడనివాళ్లకి అక్కడ చాలామంది ఇచ్చేది అదే.

మర్నాడు శనివారం, సంత రోజు. కూరగాయల బేరాల మధ్యలో చెప్పేశా: "అప్పుడు ఫోన్ చేయలేదురా. తప్పే."

కాసేపు ఏం మాట్లాడలేదు. "నీ కాల్ కోసం చూశాన్రా" అన్నాడు. తర్వాత ఉల్లిపాయల సంచి నా చేతిలో పెట్టి, "పద, మొయ్యి" అన్నాడు.

ఆ మెట్లన్నీ ఆయాసపడుతూ ఎక్కా. కానీ ఏదో బరువు దిగినట్టే ఉంది.

మీరూ ఎవరికో ఎమోజీ పెట్టి వదిలేసి ఉంటారు. అంత కొండ ఎక్కక్కర్లేదు. ఫోన్ చేతిలోనే ఉందిగా!