ఎందుకు మార్చామో రాద్దాం

మన ఫైనలియర్ ప్రాజెక్టుల సంగతి తెలిసిందే గదా! బ్యాచ్‌లో నలుగురు. ప్రోగ్రాం రాసేది ఒకడు, బైండింగు చేయించేది ఇంకొకడు, మిగతా ఇద్దరూ వైవా నాడు ఇస్త్రీ చొక్కాలతో హాజరు. మా బ్యాచ్‌లో ఆ రాసినవాణ్ణి నేనే. ఇది ఆత్మస్తుతి అనుకునేరు. కాదు, తప్పు ఒప్పుకోవడమే.

మేమూ గిట్ వాడాం. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ పనికోసం తయారుచేసిన ఈ సాధనం ఏ లైను ఎవరు, ఎప్పుడు మార్చారో భద్రంగా దాస్తుంది. ఎందుకు మార్చారన్నది మాత్రం మనం రాస్తేనే ఉంటుంది. నేను రాసిందేమిటయ్యా అంటే 'అప్‌డేట్', 'ఫైనల్', 'ఫైనల్ 2'! వైవాలో "ఈ టేబుల్‌ని రెండుగా ఎందుకు విడగొట్టారు?" అని అడిగితే, విడగొట్టిన నాకే జ్ఞాపకం లేదు. పక్కవాళ్లకు మొదట్నించీ తెలియదు.

కాబట్టి నా మనవి: ప్రతి మార్పుకీ కారణం రెండు వాక్యాలు రాయాలి. ఒకరి కోడ్ మరొకరు చదివి, ప్రశ్నలు వేశాకే కలపాలి. అధ్యాపకులు కూడా రికార్డు పక్కనబెట్టి ఆ చరిత్రే తెరిపించాలి. ఎవరెన్ని లైన్లు రాశారని లెక్కపెడితే మాత్రం, మనవాళ్లు ఖాళీ లైన్లతోనే నింపేస్తారు సుమా!

మొన్న ఆ ఇస్త్రీ చొక్కావాడొకడు అన్నాడు: "అన్నీ నువ్వే చేసేశావు. నన్నొక్కటైనా అడగనిచ్చావట్రా?"