శపించడం కాదు, చికిత్స చేయించాలి

నల్లగండ్లలో ఒకవైపు ఐటీ ఉద్యోగుల బహుళ అంతస్తుల భవనాలు, మరోవైపు వాటిని కట్టే కూలీల రేకుల షెడ్లు. మత్తు రెండుచోట్లా జొరబడింది. మన ఇళ్లూ మినహాయింపు కాదు. ఇంట్లో తాగేవాడుంటే మనం చేస్తున్నది రెండే: పరువు కోసం దాచడం, లేదా ఈమాన్ లేనివాడని వెలివేయడం.

మద్యం హరామ్ అనడంలో సందేహానికి తావు లేదు. అల్ మాయిదా సూరా 90వ ఆయత్ దానికి దూరంగా ఉండమని స్పష్టంగా ఆదేశించింది. అయితే అలవాటు ముదిరాక జరిగేదేమిటో కూడా మనం తెలుసుకోవాలి. మత్తు పదార్థాలు మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అసహజంగా పెంచుతాయి. క్రమేణా మెదడు దానికే అలవాటుపడుతుంది. అప్పుడు మానాలన్న సంకల్పం ఒక్కటే చాలదు. వ్యసనానికి లోనయ్యే అవకాశంలో దాదాపు సగం వంశపారంపర్యమని పరిశోధనలు చెబుతున్నాయి. ఎవరి జన్యువుల్లో ఏముందో ముందుగా ఎవరికి తెలుసు? మొదటి చుక్కనే నిషేధించిన షరీఅత్ వివేకం ఇక్కడే బోధపడుతుంది. తండ్రికి వ్యసనముంటే పిల్లలు మరింత జాగ్రత్తపడాలి. కానీ జన్యువు తలరాత కాదు.

2025 జూలైలో, మనకు దగ్గరలోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. తెలంగాణలో కల్లులో ఆల్ప్రాజోలం కలపడం పాత జాడ్యమే. ఆ మందుకు అలవాటైనవారికి అది ఒక్కసారిగా అందకపోతే వణుకు, మూర్ఛలు వస్తాయి. ప్రాణం మీదికీ రావచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి రోగులు పెద్దసంఖ్యలో వచ్చారు. కనుక కొడుకును గదిలో పెట్టి తాళం వేయడం మేలు చేయడం కాదు. వైద్యుని పర్యవేక్షణలోనే మాన్పించాలి. తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ వంటి మందులూ ఉన్నాయి.

మద్యం తాగి పదేపదే శిక్షకు గురైన ఒకతన్ని ఎవరో శపిస్తే దైవప్రవక్త (స) వారించారని, అతనికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉందన్నారని సహీహ్ బుఖారీ తెలుపుతోంది. తప్పు తప్పే అయింది. మనిషి మాత్రం జమాఅత్ నుంచి వెలి కాలేదు.

మనమూ ఆ బాటనే నడవాలి. వ్యసన విముక్తికి సలహా కోసం 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మస్జిద్ పెద్దలు ఈ నంబరును నోటీసు బోర్డు మీద రాయించాలి. తౌబా అతను చేసుకోవాలి, షిఫా అల్లాహ్ ప్రసాదించాలి. ఆసుపత్రి దాకా తోడు వెళ్లడం మాత్రం మన బాధ్యత.