దగ్గరి దారే మంచి దారా?

బెంగళూరులో మా అబ్బాయిది ‘రౌటర్ల పని’. అదేమిటని బంధువులు అడుగుతుంటారు. రౌటరంటే కంప్యూటర్ల సమాచారానికి నాలుగు దారుల కూడలి. మామూలుగా సమాచారమంతా దగ్గరి దారినే పోతుంది. అది కిక్కిరిసి మనవడి వీడియో కాల్ తెగుతున్నా, పక్కదారి ఖాళీగానే ఉండవచ్చు. ఆ చిక్కు తీర్చేదే ట్రాఫిక్ ఇంజనీరింగ్. ఎం.పి.ఎల్.ఎస్. పద్ధతిలో దానికేం కావాలో 1999లో ఆర్.ఎఫ్.సి. 2702 అనే పత్రం వివరించింది.

రౌటరులో ఒకచోట ఆన్ చేస్తే సరిపోదు. ఇంటర్‌ఫేసంటే తీగ వచ్చి చేరే ద్వారం. దారిలోని ప్రతి ద్వారానికీ విడిగా చెప్పాలి, ఎంత సామర్థ్యం కేటాయించవచ్చో రాయాలి. ఒక్కటి మరిచినా ఆ దారి లెక్కలోకే రాదు. పైగా కేటాయింపు ఉత్త లెక్కే. మించి వచ్చేదాన్ని అది ఆపదు, కాపలా వేరే పెట్టాలి.

అర్ధరాత్రి ఫోనొచ్చి వాడు లేస్తే నేనిక విసుక్కోను.