పాత ఆటపెట్టె - కొత్త తీగలు

జపానులో టొమోహిరో నిషికాడో రూపొందించగా 1978లో టైటో సంస్థ వెలువరించిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ అను వీడియో ఆటను అమెరికాలో మిడ్వే సంస్థ నిలువెత్తు పెట్టెలలో నమర్చి విక్రయించెను. నాణెము వేసి యాడు ఆ పాత పెట్టెలను కొనితెచ్చి యింటనే బాగుచేసికొను ఔత్సాహికులు నేడచ్చట గలరు. వారి శ్రమ మెచ్చదగినదే. తొందరపాటును చూచినపుడే చింత గలుగును.

పైపొర పెళుసెక్కిన తీగలను, ఎండిన కెపాసిటర్లను మార్చవలసినదే. నిప్పంటుకొను తీగపై మమకారమేల? కాని కొందరు ఆ యూపులోనే పిక్చర్‌ట్యూబును పెరికివైచి, ఆటగాని కెదురుగా పలుచని రంగుల తెరను బిగించుచున్నారు. ప్లగ్గు తీసిన పిదపను ట్యూబులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండును గనుక వారి భయము నిరాధారము కాదు. అయినను పోయినదెంత! ఆ పెట్టెలో ట్యూబు అడుగున నుండును. దాని నలుపు తెలుపుల బొమ్మ అద్దముపై ప్రతిఫలించి, వెనుక చిత్రించిన చంద్రతలముపై తేలుచున్నట్లు కానవచ్చును. బొమ్మల రంగులు పారదర్శకపు పట్టీలవే. ఇదంతయు యంత్రపు పేదరికమని తలచువారు ఆ పెట్టెముందు నిలిచి ఆడనివారే.

తాళపత్రప్రతిని పరిష్కరించు పండితుడు చెదలు తిన్న యక్షరమును పూరించును; పూరించినచోట గుర్తు పెట్టును; తనకు రుచింపని పద్యమును మార్చి వ్రాయడు. (వ్రాసినవారును లేకపోలేదు; వారి సంగతి వేరు.) ఇచ్చటను అదియే న్యాయము. పాత తీగ యే రంగుదో కొత్తదియు ఆ రంగుదే వేసి, మార్చినవానినెల్ల కాగితముపై వ్రాసి పెట్టెలో నుంచవలెను. ట్యూబు పూర్తిగా చెడి, మరియొకటి దొరకనపుడు కొత్త తెర తప్పదు. దానినైనను అడుగుననే అమర్చి, బొమ్మను కుడియెడమలు తారుమారుచేసి అద్దమునకు చూపినచో చంద్రుడు మిగులును.