సబ్హాన్ కబుర్లు: చూస్తున్నాం సరే... కనిపిస్తున్నామా?

మూడు నెలలకోసారి వచ్చే పత్రికలో 'తాజా కబుర్లు' రాయడమంటే నిన్నటి ఇడ్లీకి ఇవాళ ఆవిరి పట్టి వడ్డించడమే. మీ ఫోనులోకి స్కోరు వచ్చి, దానిమీద జోకు వచ్చి, ఆ జోకు మీద పోట్లాట కూడా అయిపోయాక మా కాలమ్ అచ్చవుతుంది. అందుకని ఈసారి 'ఏం జరిగింది' అన్నది క్లుప్తంగా చెప్పి, అందులో మనకు మిగిలిందేమిటో చూద్దాం. 2024, 2025 సంవత్సరాల ఆటలు, ఓట్లు, సినిమాలు, టీవీ... అన్నీ ఒకే విస్తట్లో. ఏది ముందు తింటారో మీ ఇష్టం.

సబ్హాన్ చూడని పిల్లలకు ఒక్క మాట. ఇది కువైట్ ఎయిర్‌పోర్ట్ దగ్గర ఉన్న పారిశ్రామికవాడ. మీరు పొద్దున్నే తాగే పాలూ, స్కూలుకు తీసుకెళ్ళే జ్యూసులూ కొన్ని ఇక్కడి ఫ్యాక్టరీల్లో తయారైనవే. గోడౌన్లు, వర్క్‌షాపులు, ప్రింటింగ్ ప్రెస్సులు, వాటి మధ్య బస్సు కోసం నిలబడ్డ మనుషులు. టీ తాగే చోట అయిదు నిమిషాలు ఆగితే చాలు. కడప యాస, గోదావరి యాస, కరీంనగర్ యాస... మూడూ ఒకే కెటిల్లోంచి వస్తాయి. ఈ కాలమ్‌కు విలేఖరులు వాళ్ళే!

ఆటలు

2025 నవంబరు 2, ఆదివారం. ఇండియాలో సెలవు, మనకు డ్యూటీ. నవీ ముంబయిలో వాన పడి మహిళల ప్రపంచకప్ ఫైనల్ రెండు గంటలు ఆలస్యంగా మొదలైంది. ఆ వాన అక్కడివాళ్ళను విసిగించిందేమో గానీ మనకు మాత్రం మేలే చేసింది. డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి అసలు మజా అంతా మిగిలే ఉంది. మన అమ్మాయిలు 298 పరుగులు చేశారు, దక్షిణాఫ్రికాను 246 దగ్గర ఆపారు, 52 పరుగుల తేడాతో మొట్టమొదటిసారి కప్పు అందుకున్నారు. హైదరాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ సారథ్యంలో 2005లో, 2017లో ఫైనల్ దాకా వెళ్ళి చేజారిన కప్పు ఇది.

ఆ జట్టులో మన ఎడమచేతి స్పిన్నర్ శ్రీచరణి ఉంది. కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం అమ్మాయి. టోర్నీ మొత్తం మీద 14 వికెట్లు తీసింది. మన జట్టులో దీప్తి శర్మ తర్వాత ఎక్కువ వికెట్లు ఆవిడవే. కువైట్‌లో తెలుగువాళ్ళని నలుగురిని పిలిస్తే అందులో ఒకరిద్దరు కడప వైపు వాళ్ళే ఉంటారు కదా, ఆ రాత్రి వాళ్ళ ఆనందం అంతా ఇంతా కాదు. ఇన్నేళ్ళుగా కడప అంటే సినిమాల్లో సుమోలూ, బాంబులూ, తొడగొట్టడాలే. ఇప్పుడు 'మాది కడప' అంటే ఎదుటివాడు 'శ్రీచరణి వాళ్ళ ఊరు దగ్గరా?' అని అడుగుతున్నాడు. బాంబుకీ బంతికీ తేడా తెలియజెప్పినందుకు ఆ అమ్మాయికి జిల్లా మొత్తం బాకీ!

మగపిల్లలు అలగకండి, మీ హీరోలూ ఉన్నారు. 2025 ఆగస్టు 4న ఓవల్ టెస్టులో 6 పరుగుల తేడాతో ఇండియా గెలిచిందంటే హైదరాబాదీ సిరాజ్ అయిదు వికెట్ల చలవ. సెప్టెంబరు 28న దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్లో పాకిస్తాన్ మీద 69 పరుగులతో చివరిదాకా నిలబడింది మన తిలక్ వర్మ.

ఇక అసలు తిరకాసు. 2025 నవంబరు 8న హాంకాంగ్‌లో ఆరుగురు ఆడే సిక్సెస్ టోర్నీ. ఇండియా మీద ఆడిన జట్టు... కువైట్! ఆరు ఓవర్లలో 106 కొట్టి, ఇండియాను 79కే చుట్టేసింది. కువైట్ కెప్టెన్ యాసిన్ పటేల్ 14 బంతుల్లో 58 బాదాడు, అందులో చివరి ఓవర్లో అయిదు సిక్సర్లు. తర్వాత బంతి పట్టుకుని మూడు వికెట్లు కూడా తీశాడు. కువైట్ ఫైనల్ దాకా వెళ్ళి పాకిస్తాన్ చేతిలో ఓడింది. సరదా టోర్నీయే, అయినా చూడండి, మన వాట్సాప్ గ్రూపుల్లో 'ఇండియా ఓడింది' అనే వచ్చింది. 'కువైట్ గెలిచింది' అని రాసినవాడు కనపడలేదు. కువైట్ జట్టులో ఆడేది ఎక్కువగా ఇక్కడికి బతకడానికి వచ్చిన మన ఉపఖండపు కుర్రాళ్ళే. ఇక్కడే పుట్టిన ఒక ఎనిమిదేళ్ళ బాబు వాళ్ళ నాన్నను 'నాన్నా, ఇప్పుడు మనం గెలిచామా, ఓడామా?' అని అడిగాడట. ఆ నాన్న ఛానల్ మార్చాడట! నన్నడిగితే ఆ బాబుకు 'రెండూ' అని చెప్పచ్చు. రెండు ఇళ్ళున్న పిల్లవాడికి రెండు జట్లుంటే తప్పేముంది?

రాజకీయాలు

ఇక్కడ మనం అతిథులం, ఇక్కడి రాజకీయం మన పని కాదు. అందుకే మన సరదా అంతా ఊరి రాజకీయం మీద తీర్చుకుంటాం. 2023 డిసెంబరులో తెలంగాణలో 119కి 64 సీట్లతో కాంగ్రెస్ గెలిచినప్పుడు ఒక రూములో బిర్యానీ, పక్క రూములో ఉపవాసం. 2024లో ఆంధ్రలో కూటమికి 175కి 164 వచ్చి, వైకాపా 11 దగ్గర ఆగినప్పుడు కూడా అంతే, కాకపోతే రూములు మారాయి.

2024 జూన్ 12, బుధవారం. గన్నవరం దగ్గర కేసరపల్లిలో చంద్రబాబు నాయుడు నాలుగోసారి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజు. మనకింకా పొద్దున తొమ్మిది కూడా కాలేదు. ఫోన్లన్నీ కేసరపల్లి వైపే తిరిగి ఉన్నాయి. అదే రోజు, అంతకు కొన్ని గంటల ముందు, తెల్లవారుజామున మంగఫ్‌లో కార్మికులుండే భవనానికి నిప్పంటుకుంది. నిద్రలో ఉన్నవాళ్ళకు పొగతో ఊపిరాడలేదు. నలభై మందికి పైగా భారతీయులు చనిపోయారు. అందులో ముగ్గురు మన ఆంధ్రావాళ్ళు. 14వ తేదీన వాయుసేన విమానం వాళ్ళను ఇండియాకు చేర్చింది.

వేదిక మీద ఎవరు ఎవరిని కౌగిలించుకున్నారో చూసిన కళ్ళతోనే ఆ పేర్ల జాబితా కూడా చదివాం. ఆ రోజు నుంచి నాకు ఒకటే మాట బుర్రలో తిరుగుతోంది. మనం ఊరిని చాలా బాగా చూస్తాం. ఊరు మనల్ని చూస్తోందా? సరే, ఊరి సంగతి పక్కన పెట్టండి... సాల్మియాలో ఉన్నవాళ్ళం సబ్హాన్‌ను చూస్తున్నామా?

ఊరు చూడాలంటే ముందు లెక్కలో ఉండాలి. లెక్క వినండి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు ఫారం 6ఏ నింపి సొంత ఊళ్ళో ఓటరుగా చేరవచ్చు. 2010లో చట్టం మార్చి ఇచ్చిన హక్కు ఇది. కాకపోతే ఓటు వేయాలంటే ఆ రోజు పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా పోలింగు బూతుకే వెళ్ళాలి. 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి ప్రపంచమంతటా కలిపి అలా నమోదైనవాళ్ళు 1,19,374 మంది. వచ్చి ఓటేసినవాళ్ళు 2,958 మంది. అందులో కేరళవాళ్ళే 2,670! మిగతా దేశమంతా కలిపితే 288. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ 288లోనే ఎక్కడో ఉన్నాయి. రాత్రి రెండింటి దాకా వాట్సాప్‌లో సీట్లు లెక్కపెట్టిన మనం, ఓట్ల లెక్కలో పప్పులో ఉప్పంత కూడా లేం.

టికెట్టు ఖరీదు, సెలవు దొరకడం... కష్టాలు నాకూ తెలుసు. 20 నంబరు వీసా మీద ఇళ్ళలో పనిచేసే అక్కలకు ఓటు కోసం సెలవెవరిస్తారు? నిజమే. కానీ మలయాళీలకూ అదే టికెట్టు, అదే కఫీల్. ప్రవాసుల కోసం కేరళలో 1996 నుంచీ ప్రత్యేకంగా ఒక శాఖే ఉందంటే ఊరికే రాలేదు. మనవైపూ కదలిక లేకపోలేదు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించింది. ఆంధ్రావాళ్ళకు ప్రవాసాంధ్ర భరోసా బీమా ఉంది. ఉందని తెలిసినవాళ్ళు ఎంతమంది? మీ ఇంట్లో పనిచేసే ఆవిడకు చెప్పారా?

2024 డిసెంబరు 21న ప్రధాని మోదీ వచ్చారు. 1981లో ఇందిరాగాంధీ తర్వాత భారత ప్రధాని కువైట్ రావడం 43 ఏళ్ళకి మళ్ళీ అప్పుడే. రాగానే మీనా అబ్దుల్లాలోని కార్మికుల శిబిరానికి వెళ్ళి వాళ్ళతో కూర్చున్నారు. పార్టీ ఏదైనా సరే, ఆ దృశ్యం బాగుంది. పిల్లలకు మరో ముచ్చట: మన రామాయణ మహాభారతాలను అరబ్బీలోకి అనువదించిన అబ్దుల్లా అల్ బారూన్, అచ్చువేసిన అబ్దుల్ లతీఫ్ అల్ నెసెఫ్... ఇద్దరూ కువైటీలే. ఆ రోజు ఆయన్ని కలిశారు. మన కథలు చదివి అరబ్బీలో చెప్పినవాళ్ళు ఉన్న ఊరు మనది!

సినిమాలు

2024 డిసెంబరు 5న 'పుష్ప 2' వచ్చింది. చిత్తూరు యాస దేశమంతా పాకింది. కూలీగా మొదలైనవాడి కథ కాబట్టి సబ్హాన్‌లో అభిమానులకు కొదవలేదు. కానీ ముందు రోజు రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. ఏ హీరో కోసమైనా గుంపులో దూరకండి పిల్లలూ. సినిమా రేపు కూడా ఆడుతుంది.

2025 సంక్రాంతికి వెంకటేష్ 'సంక్రాంతికి వస్తున్నాం' అన్నాడు. టికెట్ల ధర చూసి మనం 'రావడం లేదు' అన్నాం. మార్చిలో వచ్చిన 'కోర్ట్' మాత్రం ఎదిగే పిల్లలున్న ఇళ్ళలో తప్పక చూడాలి. చూశాక టీవీ ఆపి మాట్లాడుకోవాలి.

2025 జులై 13న కోట శ్రీనివాసరావు గారు వెళ్ళిపోయారు. 'ఆహ నా పెళ్ళంట'లో కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే పిసినారిగా ఆయన్ని మరిచిపోగలమా? పండగపూట వీడియో కాల్లో అమ్మ చేసిన అరిసెలు చూస్తూ ఖుబ్బూస్ నములుతున్నప్పుడల్లా ఆయనే గుర్తొస్తారు. ఆయన నటించారు, మనం జీవిస్తున్నాం!

ఒక వెలితి మాత్రం ఉంది. 2024లో మలయాళంలో 'ఆడుజీవితం' వచ్చింది. సౌదీ ఎడారిలో గొర్రెల కాపరిగా చిక్కుకుపోయిన మనిషి కథ. బెన్యామిన్ 2008లో రాసిన నవలను పృథ్వీరాజ్‌తో బ్లెస్సీ తీశారు. తెలుగులోకీ డబ్ చేశారు. మనకు 2017లో సునీల్‌కుమార్ రెడ్డి తీసిన 'గల్ఫ్' ఉంది, పాపం ఎంతమంది చూశారు? దుబాయ్ అంటే మనకు పాటల లొకేషన్. రాజంపేట నుంచి, రాయచోటి నుంచి, సిరిసిల్ల నుంచి ఇంటికొకరు వచ్చినా మన కథ మనకే కనపడదు. తెర మీద కనపడాలంటే ముందు ఎవరో ఒకరు రాయాలి. ఈ పత్రిక చదివే పిల్లల్లో ఆ రచయిత ఉన్నారని నా నమ్మకం.

టీవీ

రెండున్నర గంటల తేడా పుణ్యమా అని అక్కడ రాత్రి ఎనిమిదింటి సీరియల్ మనకు సాయంత్రం అయిదున్నరకే. టీ, సమోసా, వంటలక్క కన్నీళ్ళు... అన్నీ ఒకేసారి. ఒకసారి ముగిసిన 'కార్తీకదీపం' 2024 మార్చిలో మళ్ళీ వెలిగింది. మన అకామా అయినా ఒక్కోసారి రెన్యువల్ కాదేమో గానీ సీరియల్‌కు ఆ భయం లేదు.

బిగ్‌బాస్ సంగతి చెప్పాలా? 2023లో రైతుబిడ్డ పల్లవి ప్రశాంత్ గెలిచాడు, 2025లో సామాన్యుల్లోంచి వచ్చిన జవాను కల్యాణ్ పడాల గెలిచాడు. మనవాళ్ళకి ఎందుకంత నచ్చుతుందో సబ్హాన్‌లో ఒకాయన విడమరిచి చెప్పాడు: "ఒకే ఇంట్లో తెలియనివాళ్ళతో ఉండడం, వంతుల ప్రకారం వంట, బాత్రూం దగ్గర గొడవ, పెద్దాయన గొంతు తప్ప మొహం కనపడకపోవడం, ఎప్పుడు ఎలిమినేట్ అవుతామో తెలియకపోవడం... మేము పద్ధెనిమిదో సీజన్లో ఉన్నాం సార్. కెమెరాలే లేవు!"

అందరం నవ్వాం. నవ్వు ఆగాక ఆ చివరి మాటే మిగిలింది.

అందుకని ఈసారి క్విజ్ బదులు పిల్లలకు ఒక పని. అమ్మనో నాన్ననో తీసుకుని ఒక శుక్రవారం మీకు తెలిసిన ఒక అన్నయ్య రూముకు వెళ్ళండి. ఆయన ఊరు, పిల్లల పేర్లు, ఇష్టమైన ఆటగాడు కనుక్కోండి. మీరు విన్నది ఒక పేజీ రాసి పంపండి, ఇదే కాలమ్‌లో వేస్తాను. పెద్దలకూ పని ఉంది. ఆ భవనంలో మెట్ల దారికి ఏమైనా అడ్డం పెట్టారా, మేడ మీదకు వెళ్ళే తలుపు తెరుచుకుంటుందా అని ఒక్కసారి చూసి రండి. పనిలో పనిగా ఫారం 6ఏ, బీమా సంగతి కూడా చెప్పండి. వెళ్ళేటప్పుడు కాసిని అరిసెలు పట్టుకెళ్ళండి. వేలాడదీయడానికి కాదు... తినడానికి!

ఉంటాను మరి. వచ్చే సంచికలో మీ పిల్లల రాతలతో కలుద్దాం.